ఒక్కరోజు మాస్టారు

ఎవరైనా విద్యార్థి వచ్చి "నేను ఫలానా అవుతాను సార్" అంటే చాలు, మా ఒక్కరోజు మాస్టారు ముందు తానే ఆ ఫలానా అయిపోయేవారు. ఒక్క రోజుకే అనుకోండి. ఆ పనిచోటు వాళ్లు ఆయన్ని జన్మలో మరచిపోకుండా ఉండడానికి ఆ ఒక్క రోజు బోలెడు.

మా హైస్కూల్లో పై తరగతుల పిల్లలకు దారి చూపించడం ఆయన ఉద్యోగం. పరీక్షలయ్యాక ఏం చదవాలి, ఏ పనిలో చేరాలి, మొదటి జీతాన్ని నెలాఖరు దాకా ఎలా సాగదీయాలి, ఇవన్నీ చెప్పాలి. నేను సైన్సు చెప్పేవాణ్ని. ఇద్దరికీ కలిపి ఒకటే గది, మధ్యలో ఒక బీరువా. ఇటు నా గాజు సామాను, అటు ఆయన పిల్లలు. అక్కడ జరిగే మాటలన్నీ నా చెవిన పడేవి. పడకపోతే నేనే బీరువాకి చెవి ఆనించేవాణ్ని. ఇప్పుడు బీరువా ఉంది గాని, అవతల వినడానికేమీ లేదు.

ఆ మాటలు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేవి.

"ఏమవుదామని?"

"బేకరీలో చేరదామని సార్."

"మంచిది. ఆ పని ఎలా ఉంటుందో తెలుసా?"

"తెలీదు సార్. మీకు తెలుసా?"

"నాకూ తెలీదు. శనివారం దాకా ఆగు."

శనివారం తెల్లారేసరికి మాస్టారు నడుముకి గుడ్డ కట్టుకుని బేకరీలో పిండి పిసుకుతూ తేలారు. ఆ సాయంత్రం ఊళ్లో పుట్టినరోజు కేకు కోసిన ప్రతి ఇంట్లోనూ మొదటి ముక్క తిన్నవాళ్లు మంచినీళ్ల కోసం పరిగెత్తారు. చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా పక్కపక్కన పెట్టడం ఎవరి తప్పని మాస్టారు నన్నే నిలదీశారు. సోమవారం బేకరీ యజమాని స్కూలుకొచ్చాడు. దెబ్బలాడతాడేమో అనుకున్నాం. పాపం, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మాస్టారు మళ్లీ వస్తానంటే ఒక్క రోజు ముందు చెప్పించండి సార్. కొట్టు మూసుకుంటాను."

అదే సమయానికి బీరువా అవతల మాస్టారు ఆ విద్యార్థికి అంతా చెబుతున్నారు. "నొప్పి నడుములో ఇదిగో, ఇక్కడ మొదలవుతుంది. పొయ్యి ముందు కనుబొమలు కాలిపోతున్నట్టే ఉంటుంది, కాలవు. ఒక పూట గడిచేసరికి ఏడుపొస్తుంది. ఏదైనా తిను, పోతుంది. యజమాని అరుస్తాడు. భయపడకు, ఆ కోపమంతా పిండి మీదే."

"ఇంత అవస్థ ఎందుకండీ?" అన్నాను ఒకసారి. "ఏదో పుస్తకం ఇస్తే వాళ్లే చదువుకుంటారుగా?"

"పుస్తకానికి నడుము నొప్పి రాదు కదండీ" అన్నారు, తన నడుము పట్టుకుని లేస్తూ.

పని ఒక్క రోజుతో అయిపోయేది గాని, జీతం మాత్రం నెలంతా నడిచేది. ఆ పనిలో కొత్తగా చేరినవాడికి ఎంత వస్తుందో కనుక్కుని, ఆ నెల అంతలోనే బతికేవారు. అందులో అద్దె ఎంత, తిండి ఎంత, జ్వరమొస్తే ఎంత అని పిల్లలకు తన ఇంటి లెక్కే చూపించేవారు. మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత తీస్తే ఆ నెల ఉద్యోగం ఏపాటిదో మాకు తెలిసిపోయేది.

"ఏమండోయ్, గుడ్డు సగమే ఉందేం?"

"మిగతా సగం రేపటికి. ఈ నెల నేను లారీ క్లీనర్ని."

వాళ్లావిడ ఒకరోజు నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఈ నెల మీ స్నేహితుడు ఎవరో కాస్త చెబుతారా? పాలు ఎన్ని పోయించుకోవాలో తెలియడం లేదు."

"మంగలి షాపులో కుర్రాడమ్మా."

"అయ్యో! మీ పిల్లల్లో ఎవరూ పెద్ద డాక్టరవుతామనరా? ఒక్క నెలైనా కడుపునిండా తింటాం."

ఆ మంగలి షాపు శనివారం నాడే మా హెడ్మాస్టరు జుట్టు సరిచేయించుకుందామని వెళ్లారు. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, "కొంచెమే తియ్యవోయ్" అన్నారట. "అలాగే సార్" అన్న గొంతు ఎక్కడో విన్నట్టుందని కళ్లు తెరిచేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు హెడ్మాస్టరు తరగతి గదిలో కూడా టోపీ తీయలేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి మా అక్క కూతురు వెళ్లింది. బంగారంలాంటి పిల్ల, కాని ఎవరైనా చూస్తున్నారంటే చాలు, చేతులు వణుకుతాయి. మా ఇంటికొస్తే కాఫీ కప్పు అందించి పక్కకి జరిగి నిలబడేవాళ్లం. ఆ పిల్ల నర్సు అవుతానంది. బావ ససేమిరా అన్నాడు.

"దీని చేతిలో గ్లాసే నిలవదు. ఇక రోగి నిలుస్తాడా?" అన్నాడు నాతో. "హాయిగా లెక్కలు చదివి ఆఫీసులో కూర్చోమను. కాగితం కిందపడితే పగలదు."

పిల్ల లోపలికెళ్లి తలుపేసుకుంది. మర్నాడు బీరువా అవతలి నుంచి సన్నగా దాని గొంతు వినిపించింది. "నర్సు సార్... కాని మా నాన్న చెప్పింది నిజమే సార్. నా చేతులు..."

"శనివారం దాకా ఆగు" అన్నారు మాస్టారు.

ఆ శనివారం సంగతి ఊరంతా పాకింది. ఆసుపత్రి వార్డులో ఎవరికో సూది వేస్తుంటే, పక్కన పళ్లెం పట్టుకున్న మాస్టారు పళ్లెంతో సహా కిందపడిపోయారు. లేపి, మొహాన నీళ్లు కొట్టి కూర్చోబెడితే, సూది కనబడగానే మళ్లీ పడిపోయారు. రోగే మంచం దిగి ఆయనకి మంచం ఇచ్చాడట. స్టాఫ్ రూములో మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. మా మేనకోడలు మాత్రం ఏడుపు మొహంతో వచ్చింది.

"మామయ్యా, ఇంక నేనా ఆసుపత్రి గుమ్మం ఎక్కగలనా? ఆ స్కూలు పిల్లనేనని తెలిస్తే నవ్వరూ?"

మాస్టారు అదేమీ పట్టించుకోకుండా, నుదుటి మీద బొప్పితో తిన్నగా బావ ఇంటికెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

"ఆ పని నాకు రాదని తేలిపోయిందండీ" అన్నారు. "నేను వెళ్లి చూశాను గనక తేలింది. మీ అమ్మాయికి రాదని ఎవరు వెళ్లి చూశారు?"

బావ ఆ బొప్పి వైపు చాలాసేపు చూశాడు. అంత బొప్పి కట్టించుకుని వచ్చిన మనిషికి లేదని చెప్పడం ఎవరి తరం? పిల్లని నర్సింగులో చేర్పించాడు.

ఆ మరుసటి ఏడు మా స్కూలుకి కంప్యూటర్ ప్రోగ్రామొకటి వచ్చింది. పిల్లలు దాని ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు నొక్కితే, ఎవరు ఏమవ్వాలో అదే చెబుతుంది. ఇంక మాస్టారి ఉద్యోగం అక్కర్లేదన్నారు. వెళ్లేముందు ఆయన కూడా కూర్చుని జవాబులు నొక్కారు. మనుషులతో పనిలేని ఉద్యోగం చూసుకోమనీ, లైట్‌హౌస్ కాపలా అయితే బాగా నప్పుతుందనీ వచ్చింది. మేం గొల్లుమన్నాం.

"యంత్రమైనా నాకు దారి చూపించింది" అన్నారు నవ్వుతూ. "శనివారం వెళ్లి చూసొస్తాను."

వెళ్లలేదు. అది తప్ప ఆయన ఎగ్గొట్టిన శనివారం నాకు గుర్తులేదు. ఆయన కూర్చున్న చోట విరిగిన బెంచీలు చేరాయి. పిల్లలు ప్రశ్నలకు జవాబులు నొక్కి, వచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండానే ఇళ్లకు పోయేవారు. నేను బీరువాకి ఇటు కూర్చుని, ఈ ఆదివారం మాస్టారింటికి వెళ్లాలి అనుకునేవాణ్ని. పై ఆదివారం అనుకునేవాణ్ని. చలికాలం రాకముందే, నిద్రలోనే ఆయన పోయారు. వాళ్లావిడ నన్ను చూసి, "ఈ నెల ఆయన ఏ ఉద్యోగంలోనూ లేరు అన్నయ్యగారూ. రిటైరైన మనిషిలాగే ఉన్నారు. అదే నాకు బెంగేసింది" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా మేనకోడలు వార్డులో అడుగుపెట్టింది. మొదటిరోజు సాయంత్రం తిన్నగా మా ఇంటికే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సరే, మానేసి వచ్చిందనుకున్నాను.

"పళ్లెం పడేశాను మామయ్యా" అంది. "పొద్దున్నే. అందరి ముందూ. కత్తెర్లన్నీ చెల్లాచెదురు."

"పెద్ద నర్సు తిట్టిందా?"

"తిడుతుందనే అనుకున్నా. గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. 'నువ్వేనా మాస్టారి అమ్మాయివి? చేతులు వణికేది?' అంది. నా ప్రాణం పోయినంత పనైంది. 'ఏడవకు, ఒక్క పళ్లెమేగా. మీ మాస్టారు పళ్లెం పడేసి, తానూ పడి, రోగిని లేపి ఆ మంచం మీద పడుకున్నాడు. ఈ వార్డులో ఆయన్ని మించి ఎవరూ పాడుచెయ్యలేరు' అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చేసింది."

"పోనీలే" అన్నాను. "ఆయన మూర్ఛ అలాగైనా పనికొచ్చింది."

"మూర్ఛేంటి మామయ్యా?" అంది. "పెద్ద నర్సు రోజూ ఎంతమంది పడిపోవడం చూస్తుంది, ఆమెకి తెలీదా? మీ మాస్టారి నాడి గడియారంలా కొట్టుకుంది అంది. రెండోసారి పడిపోయినప్పుడు ఆమె వంగి చూస్తే, ఆయన ఒక కన్ను తెరిచి గుసగుసగా అడిగారట. 'సిస్టర్, ఇంతకంటే అధ్వాన్నంగా ఎవరైనా చెయ్యగలరా?' అని. ఎవరూ చెయ్యలేరండీ అందట. 'అయితే మా అమ్మాయి ఒకతి వస్తుంది. దాని చేతులు వణుకుతాయి. అప్పుడు నన్ను గుర్తు చేసుకోండి' అని, మళ్లీ కన్ను మూసుకున్నారట."

నుదురు నిజంగా బొప్పి కట్టేలా పడ్డాడే మనిషి! ఎన్ని శనివారాలు, ఎన్ని చోట్ల, ఎవరికోసం పడ్డాడో. పక్కనే కూర్చుని నవ్వినవాణ్ని నేను. ఒక్కసారి అడిగినా చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో.

అదంతా జరిగి చాన్నాళ్లయింది. ఇప్పుడు మా మేనకోడలే ఆ వార్డులో కొత్తవాళ్లకు పని నేర్పుతోంది. సూది వేస్తే రోగికి తెలియదంటారు. మొన్న భోజనానికి వచ్చినప్పుడు బావ గొప్పగా, "చూశావా, ఇప్పుడు మా అమ్మాయి చేతిలోంచి ఏదీ జారదు" అన్నాడు.

"జారుతుంది నాన్నా" అంది అది. "కొత్తపిల్లలు చేరిన రోజు ఒక పళ్లెం జారుతుంది."

"అదేమిటే? ఇంకా చేతులు వణుకుతున్నాయా?"

"లేదు. వాళ్లకి వణుకుతుంటాయి కదా" అంది మా మేనకోడలు, పులుసు గిన్నె నిండుగా, ఒక్క చుక్క ఒలక్కుండా నాకు అందిస్తూ.