పెద్దల అమావాస్య నాడు మా అత్త భోజనం

పోయిన నెల మా మనవరాలిని బెంగుళూరులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎన్నాళ్లుగానో దగ్గు, ఊపిరి తీస్తే పిల్లికూతలు. ఉబ్బసమనుకుని పీల్చే మందు వాడాం, తగ్గలేదు. డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూసి, "క్షయ అవ్వా. ఊపిరితిత్తిలో మొదలై గాలిగొట్టం గోడకు పాకింది. దారి ఇరుకైంది, అందుకే ఈ కూతలు. మంచి మందులున్నాయి, భయం లేదు" అంది. బయటికి రాగానే మా చుట్టం ఒకావిడ నా చెవి దగ్గర చేరి, "అందరికీ ఉబ్బసమనే చెప్పండి, పెళ్లి కావలసిన పిల్ల" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మోకాళ్లు ముసలివయ్యాయి గానీ కోపం ఇంకా కాలేదు. "క్షయను ఇలా దాచిపెట్టే మా ఇంటి ఆడపడుచును చంపేశారమ్మా" అన్నాను. ఆవిడ గాభరా పడింది. చంపేశారంటే నిజంగా కాదు. ఆ సంగతే చెప్పాలి.

మాది పావగడ తాలూకాలో నిడుగల్లు కొండ కింద పల్లె. అప్పుడు మాకు మైసూరు మహారాజావారి రాజ్యం. మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, పెళ్లికి ముందు చేను గట్టున నిలబడి కేకేస్తే కొండ మీది మేకలు కూడా తల తిప్పేవట. కలుపు తీసేటప్పుడు పాట ఎత్తేది ఆవిడే. అలాంటి గొంతును నాగలమడిక దగ్గర ఒక భూముల వాళ్లింటికి కోడలిగా పంపారు. రెండేళ్లకు దగ్గు పట్టింది, తర్వాత పిల్లికూతలు. ఆవిడ అత్తగారు ఉబ్బసమని తీర్మానించి, ఎండిన ఉమ్మెత్తాకు నిప్పుల మీద వేసి ఆ పొగ పీల్పించేది. పొగ పీల్చాక మళ్లీ పొయ్యి దగ్గరికే తరిమేది. ఊదుగొట్టం ఊదడానికి ఊపిరి చాలక మా అత్త పొయ్యి ముందు కూలబడితే, "నాటకాలు ఆడద్దు మే" అనేది. ఇంత దయ గల మనిషిని నేను మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు.

చివరికి ఒకరోజు గొంతు పడిపోయింది. మొగుడు తుమకూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని గొంతులోకి చూసి, ఇది ఉబ్బసం కాదు, ఊపిరితిత్తుల క్షయ పైకి పాకి గాలి దారినీ గొంతునూ పుండు చేసింది అన్నాడు. పొగ తగలకూడదు, మంచి గాలి కావాలి, పాలూ గుడ్లూ పెట్టాలి, కళ్లె బూడిద పోసిన కుండలో ఉమ్మించి కాల్చేయాలి అని చెప్పాడు. "పుండు మానినా మానవచ్చు. కానీ మానిన చోట మచ్చ బిగుసుకుంటుంది. ఆ కూత మాత్రం పోదు" అన్నాడు. మొగుడు ఆవిడను తన ఇంటికి తీసుకుపోలేదు. బండి నేరుగా మా వాకిట్లో ఆపి, గోనెసంచి దింపినట్టు దింపి, మంచినీళ్లు కూడా తాగకుండా ఎడ్లను మళ్లించాడు. మళ్లీ ఇటు తొంగి చూడలేదు.

మా అవ్వ, అంటే మా అత్త కన్నతల్లి, చేనులో ఒక గుడిసె వేయించింది. వేరే కంచం, వేరే చెంబు, బూడిద కుండ, పొద్దున మేకపాలు, సాయంత్రం గుడ్డు. ఆ పాలు అవ్వ తను తాగేది కాదు, మేకను మాత్రం కోడలి కంటే బాగా చూసుకునేది (మా అమ్మ మాట ఇది). ఎలాగో బతికింది మా అత్త. మనిషి ఒళ్లు చేసింది, దగ్గు పోయింది. గొంతు మాత్రం రాలేదు, గుసగుస మిగిలింది. ఊపిరి లోపలికి పోయినా బయటికి వచ్చినా కూతే. నేను పుట్టి తెలివొచ్చేసరికి ఇంట్లో ఆవిడ ఎక్కడున్నదీ చూడక్కర్లేదు, వింటే చాలు.

నేను పుట్టకముందు ఒకసారి గాజులామె వచ్చింది. ఊరూరా తిరిగి గాజులు తొడిగే మనిషి. వాకిట్లో మా అత్తను చూసి గంప కింద పడేసినంత పని చేసింది. "అమ్మా, నువ్వు చచ్చిపోయినావని కదా ఆడ చెప్పినారు! నీ మొగునికి కొత్త పెండ్లాం వచ్చినాది. ఆ పిల్ల మెడలో సవతి బిళ్ల ఉండాది, నా కండ్లారా చూసినా" అంది. మొదటి భార్య పోయాక రెండోసారి పెళ్లాడితే, పోయినామె ఆత్మ పీడించకుండా కొత్త భార్య మెడలో ఆమె పేరున ఒక చిన్న వెండి బిళ్ల కడతారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి మొక్కిస్తారు. బతికున్న మా అత్తను బిళ్ల చేసి కట్టేశారన్నమాట! క్షయ మనిషిని వదిలేశామంటే ఎవరూ పిల్లనివ్వరు, చచ్చిపోయిందంటే ఇస్తారు. మా నాయన కట్టె అందుకున్నాడు, పంచాయితీ పెడతానన్నాడు. మా అత్త తల అడ్డంగా ఊపింది. "వద్దన్నా. పెద్దల అమాస రానీ" అని గుసగుసగా అంది.

పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్లకు ఆకులో అన్నీ వడ్డించి, పక్కన కొత్త బట్ట పెట్టి, గది తలుపు మూసి అందరూ బయట కూర్చుంటారు. పెద్దలు వచ్చి తిని పోవాలి కదా, మనం చూస్తుంటే ఎలా తింటారు? ఆ ఏడు మొగుడింట్లో మా అత్తకూ ఆకు వేశారు. కొత్త కోడలి తల్లిదండ్రులు కూడా వచ్చారు. మా నాయన బండి ఊరి బయటే ఆపాడు. మా అత్త, అవ్వ పశువుల కొట్టం వైపు నుంచి పోయారు. అటు నుంచి గదిలోకి తెరుచుకునే తలుపు గడియ సరిగ్గా పడదని ఆ ఇంట్లో గొడ్డుచాకిరీ చేసినావిడకు తెలియదా? అవ్వ కొట్టంలో నిలబడింది. మా అత్త నడిమింటి గదిలోకి పోయి, తన ఆకు ముందు కూర్చుని, పూర్ణం పెట్టిన ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. ఇక్కడి నుంచి అవ్వ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ ఆకులో ఒక వంటకం పెరిగేది.

మూసిన గదిలోంచి కూత వినిపించింది. ఒకటి, మళ్లీ ఒకటి. బయట అందరూ పిల్లి దూరిందనుకున్నారు. అత్తగారు ఒక్కతే అనుకోలేదు, ఆ కూత ఆవిడ రెండేళ్లు విన్నదే. "దయ్యం! వచ్చేసినాది!" అని గోడకు అతుక్కుపోయింది. ఎవరో తలుపు తోశారు. లోపల మా అత్త నింపాదిగా వడ కొరుకుతోంది.

"పప్పులో ఉప్పు తక్కువైందత్తా" అంది.

గుసగుసే. కానీ ఎవరికీ ఊపిరి ఆడటం లేదు కాబట్టి అందరికీ వినిపించింది.

"నువ్వు చచ్చిపోతివి కదమే!" అంది అత్తగారు.

"ఎవురు చెప్పినారు? మీరే కదా?"

కొత్త కోడలి తండ్రి లేచి అల్లుడి వైపు తిరిగాడు. "ఏందప్పా ఇది? చచ్చిపోయిందని కదా మా పిల్లనడిగినావు?" అన్నాడు. అల్లుడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. వాళ్లింట్లో గొంతు పోవడం అంటే ఏమిటో అప్పుడైనా తెలిసి ఉంటుంది. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే కడుపు చల్లగా ఉంటుంది.

మా అత్త చెయ్యి కడుక్కుని, కొత్త కోడలి మెడలోని దారం తెంపి, బిళ్ల తన మెడలో కట్టుకుంది. "నా దయ్యాన్ని నేనే మోసుకుంటా. నీకెందుకు తల్లీ ఈ బరువు" అంది. కొత్త కోకను చంకలో పెట్టుకుని గడప దగ్గర ఆగింది. "ఏటా వస్తా. బతికున్నన్నాళ్లూ నాకు పెట్టాల్సిందే. చచ్చినాంక మీ ఇష్టం" అంది.

మాట తప్పలేదు. ఏటా ఆ అమావాస్యకు బండి కదిలేది, చిన్నప్పుడు నేనూ వెళ్లాను. మొగుడు ఆ పొద్దు చేనుకు పారిపోయేవాడు. ఊళ్లోవాళ్లు అరుగుల మీద కూర్చుని, "వచ్చినాదిప్పా, కూత వినపడ్తాంది" అనుకునేవాళ్లు. అత్తగారు మూలగదిలో ముసుగు తన్ని పడుకునేది. ఆ ముసలమ్మ పోయిన ఏడు ఆవిడ ఆకు మా అత్త ఆకు పక్కనే వేశారు. మా అత్త ఉప్పు తీసుకుని ఆ ఆకులో ఒక చిటికెడు అదనంగా వేసింది. ముసలమ్మ మీద జాలి కలగలేదా అని అడుగుతారు. కలగలేదు. పొయ్యి ముందు కూలబడిన మనిషి మీద ఆవిడకు కలిగిందా?

ఆ మొగుడు కూడా పోయి ఏళ్లు గడిచాక మా అత్త పోయింది, మెడలో బిళ్లతోనే. ఆ ఏడు అమావాస్యకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. రెండో భార్య ఆకు వేసి, కోక పెట్టి, తలుపు మూసి, గడప మీద కూర్చుని తలుపుకు చెవి ఆనించింది. "ఈసారి ఉప్పు సరిగ్గా వేసినా అమ్మణ్ణీ. కూత వినపడదేందో" అని వలవలా ఏడ్చింది.

మనవరాలి కూత ఇప్పుడు రోజురోజుకీ సన్నబడుతోంది. వాళ్లూ వీళ్లూ అడిగితే క్షయ అనే చెబుతున్నాను, గట్టిగా, వీధికి వినపడేలా. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మాన్పుతుంది, నేను కాదనను. కానీ మా అత్త గొంతులో డాక్టరు చెప్పినట్టే, మానిన చోట మచ్చ బిగుసుకుని, ఏళ్లు గడిచినా కూత పెడుతూనే ఉంటుంది.