మోరీల ఛైర్మన్ ఢిల్లీకి పోయిన కథ

వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే సారంగపాణి మున్సిపల్ ఛైర్మన్ అయ్యాక కౌన్సిలర్లకు కొత్త కష్టం వచ్చిపడింది. తెల్లారకముందే ఆయన చేతికర్ర పట్టుకుని బయల్దేరి, కనబడిన మురుగు మోరీలోనల్లా కర్ర దించి చూసేవాడు. పూడిక తగిలితే చాలు, ఆ వార్డు కౌన్సిలర్ తలుపు తట్టి, లుంగీ సర్దుకుంటూ వచ్చినవాణ్ణి మోరీ దాకా నడిపించుకుపోయేవాడు.

నిద్ర కరువైన కౌన్సిలర్లంతా డెబ్భై ఏడులో పార్లమెంటు ఎన్నికలు రాగానే ఏకమయ్యారు. "అసొంటి మనిషి ఢిల్లీల ఉండాలె" అని పార్టీ పెద్దల దగ్గర పొగిడి పొగిడి టికెట్ ఇప్పించారు. చెమటోడ్చి గెలిపించారు. రైలెక్కించిన నాడు అందరికంటే పెద్ద దండ వేసినవాడు వైస్ ఛైర్మన్ కొమురెల్లి. సారంగపాణికి కళ్లు చెమర్చాయి. వాళ్ల ప్రేమను ఆయన ఏనాడూ అనుమానించలేదు.

ఢిల్లీలో ఆయనకు తోచలేదు. విదేశాల సంగతులు చర్చకొస్తే ఆవులింత ఆపుకోవడమే పెద్ద పనైంది. చివరికి రైల్వే బడ్జెట్ మీద మాట్లాడే వంతు వచ్చింది. లేచి, తనకు తెలిసిన బజారు ఉర్దూలో అందుకున్నాడు. మా ఊళ్లో రైలు కట్ట కింద నుంచి దారి ఉంది, వానొస్తే నడుంలోతు నీళ్లు, మొన్న ఒక పెళ్లికొడుకు గుర్రంతో సహా అందులో చిక్కుకుంటే ముహూర్తం దాటిపోయింది అని చెప్పాడు. సభ గొల్లుమంది. అది మున్సిపాలిటీ చూసుకునే పని కదా అన్నారు సభాపతి స్థానంలో ఉన్నాయన.

"అయ్యా, నేను మున్సిపాలిటీల ఉన్నప్పుడు, గది రైలోళ్లది, ఢిల్లీకి పోయి అడుగు అన్నరు. అడుగుదామనే ఇంత దూరమొచ్చిన. మీరేమో మున్సిపాలిటీది అంటాండ్రు. ఇగ నన్నెటు పొమ్మంటరు?"

నవ్వు రైల్వే మంత్రి దాకా పాకింది. ఆ నవ్వులోనే ఆయన నీళ్లు పోయే దారి చేయిస్తానని మాట ఇచ్చేశాడు. ఇంజనీర్లు వచ్చి కట్ట కింద సిమెంటు మోరీ కట్టి, తమ హద్దురాయి దగ్గర ఆపేశారు. అక్కడి నుంచి వాగు దాకా తవ్వవలసింది మున్సిపాలిటీ. ఈలోగా ఛైర్మన్ అయిన కొమురెల్లి అప్పటికి హాయిగా నిద్రపోతున్నాడు.

ఎనభై పార్లమెంటు ఎన్నికల్లో సారంగపాణి ఓడిపోయాడు. మున్సిపల్ ఎన్నికలు రాగానే వార్డు కౌన్సిలర్‌గా నిలబడతానంటే ఆయన భార్య వరలక్ష్మి నోరు నొక్కుకుంది.

"పార్లమెంటుల కూసున్న మనిషి వార్డుకు నిలబడుతరా? నలుగురు నవ్వరా?"

"అక్కడ గూడ నవ్విండ్రు. నవ్వినంకనే పనైంది" అన్నాడాయన.

గెలిచాడు. ప్రమాణం చేసిన మర్నాడు కోడి కూయకముందే, మళ్లీ ఛైర్మనే అయిన కొమురెల్లి ఇంటి తలుపు చప్పుడైంది. ఎవరొచ్చారో ఆయన దుప్పటి తీయకుండానే పోల్చుకున్నాడు. ఆ చప్పుడు ఏ రోజూ ఆగలేదు. వాగు దాకా తవ్వకానికి సంతకం చేశాకే ఆయనకు కంటినిండా నిద్ర పట్టింది.

ఆ ఏడు పెద్దవానకు సారంగపాణి గొడుగేసుకుని రైలు కట్ట దగ్గర నిలబడ్డాడు. నీళ్లు వాగు దారి పట్టి గలగలా పోతున్నాయి. కూరగాయలమ్మే మొగిలమ్మ గంప నెత్తిన పెట్టుకుని, మడమలు మాత్రమే తడుపుకుంటూ ఇవతలికి వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని ఆయన కాస్త దగ్గరికి జరిగాడు.

"నీళ్లు మంచిగనే పోతానయి గని సేటూ," అందామె నడక ఆపకుండానే, "మా గల్లీల కుక్కల సంగతి జర చూడరాదు?"

"ఎన్నున్నయ్?" అంటూ సారంగపాణి ఆమె వెంట నడిచాడు.