సైరన్‌కు లేచిన వాడ

మా వాడకు బడ్జెట్ అనేది మొదటిసారి ఒక టెంటు కింద కనిపించింది. అంతకుముందు దాని గురించి పేపర్లో చదవడమే. సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్త రోజులవి. మున్సిపాలిటీ డబ్బు ఏ పనికి పోతోందో జనం ముందే చదివి వినిపించాలి, జనం సరేనంటేనే ఖర్చు పెట్టాలి అన్నారు. ఆ మాట విని నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బెల్లంపల్లి బాయిలో బొగ్గు ఎత్తి ఎత్తి రిటైరైన మనిషి, పెళ్లిళ్లకు తప్ప ఇస్త్రీ జోలికి పోడు.

ఆయనకు కావలసింది ఒక్క గోడ. మా వాడ వెనక ఓపెన్‌కాస్టు గనిలో తవ్విన మట్టిని గుట్టగా పోశారు. ఏటేటా అది కాస్త ముందుకు జరిగినట్టే ఉండేది. గుట్టకూ మాకూ మధ్య ఒక నాలా, నాలా ఒడ్డున చిట్టచివరి ఇల్లు మా మేనత్తది. వాన పడితే బురదనీళ్లు నేరుగా ఆమె వంటింట్లోకే వచ్చేవి. "ఇల్లు ఇడిసి మా ఇంటికి రా అక్కా" అని నాన్న ఎన్నిసార్లు పిలిచినా వినలేదు. "పొద్దుగాల లేస్తే నీ పెండ్లాంతోని పంచాయితీ నాకెందుకు తమ్మీ" అని నవ్వేది.

మీటింగులో ఆఫీసరు తీరిగ్గా చదివాడు. గోదావరిఖని బజారుకు తీసిపోకుండా మా వాడ మొగదల ఒక కమాను, దానికి రంగు లైట్లు. గోడ మాట లేదు. నాన్న చెయ్యెత్తితే "ఆఖర్లో మాట్లాడండి పెద్దాయనా" అన్నాడు. ఆ ఆఖరు రాకముందే "ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే రెండో షిఫ్టు సైరన్ మోగింది.

సైరన్ మోగితే బొగ్గుబాయి జనానికి కాళ్లు వాటంతట అవే లేస్తాయి. డ్యూటీ ఉన్నవాళ్లు లేచారు, మస్టరులో హాజరు పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే మరి. వాళ్లకు టిఫిన్ డబ్బాలు అందించడానికి ఆడవాళ్లు లేచారు. ఏ డ్యూటీ లేని ముసలాళ్లూ లేచారు. అందరికంటే ముందు లేచింది మా నాన్న.

"సంతోషం, ఏకగ్రీవం" అన్నాడు ఆఫీసరు.

"గట్ల గాదు సారూ, మేం సైరన్‌కు లేసినం" అని నాన్న మొత్తుకున్నాడు. మైకు అప్పటికే విప్పేస్తున్నారు. ఇంటికొచ్చి అందరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వానాకాలం నాలా పొంగి అత్త ఇంటి వెనక గోడ కూలింది. ఆమె కాలు దాని కింద పడింది. దవాఖానలో రాడ్డు వేశారు గానీ, ఆ తర్వాత ఆమె కర్ర ఆనకుండా లేవలేకపోయింది. కూలిన వైపు టార్పాలిన్ పట్టా కట్టుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కమాను మాత్రం తయారైంది. దాని లైట్లు పడి గుట్ట ఇంకా దగ్గరికొచ్చినట్టు కనపడేది, నాకు అటు చూడాలంటేనే భయం.

మరుసటి ఏడు మళ్లీ టెంటు వేశారు. తెలంగాణ వస్తే గోడ అదే వస్తుందని కొందరన్నారు. నాన్న వినలేదు, ఇల్లిల్లూ తిరిగాడు. "సైరన్ గాదు, భూమి బద్దలైనా లేవొద్దు. డ్యూటీ పోతే పోనీ" అని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. అత్తను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో, ఆఫీసరు బల్ల పక్కనే కూర్చోబెట్టాం. షిఫ్టువాళ్లు లేవకుండా చూడాలని నాన్న, నేను వెనక కూర్చున్నాం. ఆఫీసరు చదివినదాంట్లో ఈసారి గోడ ఉంది. వాళ్ల ఆఫీసు చుట్టూ కట్టుకునే గోడ.

సైరన్ మోగింది. ఆఫీసరు మైకులో ఏదో అంటున్నాడు, ఆ మోతలో వెనకున్న మాకు ఒక్క ముక్క వినపడలేదు. ఎవరూ కదల్లేదు. రెండో షిఫ్టువాళ్లు పళ్లు బిగబట్టి కూర్చున్నారు. నేను గర్వంగా నాన్న వైపు చూశాను.

అప్పుడు అత్త లేవబోయింది. కర్ర నేలకు ఆనించి, రెండో చెయ్యి పైకెత్తి, సగం లేచింది. నాన్న ఉరికి ఆమె భుజం పట్టి కిందికి లాగాడు. "కూసో అక్కా! ఒట్టు మర్సినవా?" ఆమె ఏదో చెప్పబోయింది. సైరన్ ఆగేదాకా ఆయన ఆ భుజం వదల్లేదు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి నిలబడమన్నాను" అన్నాడు ఆఫీసరు, అత్త వైపు చూడకుండా. "ఎవరూ నిలబడలేదు. ఏకగ్రీవం."

అత్త తమ్ముడి మొహంలోకి చూసింది. "నాకు ఇనబడ్డది తమ్మీ. గందుకే లేస్తున్న. నన్నెందుకు గుంజినవ్?"

నాన్న బల్ల గుద్దాడు, అరిచాడు. టెంటువాళ్లు వచ్చి కుర్చీలు మడవడం మొదలుపెట్టారు.

తొలి వానలకే గుట్ట జారింది. అత్త ఇంట్లోనే ఉంది. బురద తోడి ఆమెను పైకి తీసింది నాన్నే. ఊపిరి లేదని ఎంతమంది చెప్పినా వినకుండా, ఆ భుజం కిందే చెయ్యి పెట్టి ఎత్తుతూ "లే అక్కా, లే" అంటూనే ఉన్నాడు.