రింకు కింద గడ్డి

మార్లిస్ హౌటలా స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ కెట్లర్ ఊరి పిల్లలు ఆమె నోటికి కాదు, ఆమె అద్దానికి భయపడ్డారు. వెనక సీట్లో ఎవడు ఎవడి టోపీ లాగినా అద్దంలోంచి ఒక చూపు వచ్చేది, టోపీ తిరిగి తలమీదికి వెళ్లిపోయేది. ఉద్యోగం మానేశాక ఆ చూపంతా ఇంటి వెనక పచ్చికమీద పెట్టింది. మిన్నెసోటా ఉత్తరాన మంచు కరిగి మళ్లీ కురిసేలోపు గడ్డికి దక్కే ఎండ ఎంతని? ఆ కాస్త ఎండలో ఆమె పచ్చికలో కలుపు మొక్క తలెత్తిందంటే దాని పని అయిపోయినట్టే.

చలికాలంలో మాత్రం ఆ పచ్చిక మనవరాలు బ్రిట్టాది. నేల గడ్డకట్టగానే తాత వెండెల్ చుట్టూ చెక్కలు నిలబెట్టి, ప్లాస్టిక్ పట్టా పరిచి, గొట్టంతో నీళ్లు వదిలేవాడు. నీళ్లు గడ్డకడితే హాకీ ఆడుకునే రింకు తయారు. బ్రిట్టా అక్కడే గోల్‌కీపర్ అయింది. ఎండ ముదరకముందే ఆ మంచు పగలగొట్టి పట్టా తీసెయ్యాలి, లేకపోతే కింద గడ్డి ఊపిరాడక చస్తుంది. ఈ సంగతి మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఈ ఏడు మార్లిస్ తియ్యనివ్వలేదు. బ్రిట్టాకి అది బడిలో ఆఖరి ఏడాది. జిల్లా ఫైనల్లో ఓడించిన గోలు ఆ పిల్ల కాళ్ల మధ్యనుంచే పోయింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చి రింకులో నిలబడేది. తాత కర్రతో హాకీ బిళ్ల కొడుతుంటే ఆపుతూ ఉండేది. "పట్టా తీసేద్దామా?" అని వెండెల్ అడిగినప్పుడల్లా మార్లిస్ "ఇంకో వారం" అనేది. ఏప్రిల్లో పెద్ద మంచు కురిసి అంతా బిగుసుకుపోయింది. మే నెలలో ఎలాగో పట్టా లేపితే కింద గడ్డి తెల్లగా, జిగటగా, ఉడికి పాడైన సేమ్యాలా ఉంది. ఆ కుళ్లు వాసన పక్కింటిదాకా వెళ్లింది.

చదువు పూర్తయినందుకు బ్రిట్టాకి జూన్‌లో ఊరందర్నీ పిలిచి ఆ పచ్చికమీదే విందు చెయ్యాలని అంతకుముందే అనుకున్నారు. తల్లి ఉండేది అద్దె గదుల్లో, అక్కడ పదిమంది పట్టరు.

"చర్చి హాల్లో పెట్టుకుందాం అమ్మమ్మా," అంది బ్రిట్టా. "ఇది కూడా నావల్లే పోయింది. నేను చెయ్యి పెట్టిందేదీ బాగుపడదు."

హాకీ సంచీ గరాజు మూలకి తోసి వెళ్లిపోయింది. మార్లిస్‌కి గడ్డి పోయినందుకు కాదు, ఆ మాటకి కడుపు మండింది.

"విందు ఇక్కడే. ఈ గడ్డిమీదే," అంది.

"ఏ గడ్డిమీద?" అన్నాడు వెండెల్.

"మొలవబోయే గడ్డిమీద."

"మన నేలకింకా చలిజ్వరమే తగ్గలేదు, మార్లిస్."

పక్కింటి ఆర్విడ్ కంచెమీంచి తల పెట్టాడు. "పెరిగిన గడ్డి చాపల్లా చుట్టి అమ్ముతారుగా, తెప్పించుకోరాదూ?"

"లారీ ఎట్నుంచి వస్తుంది, నీ నెత్తిమీంచా? మంచు కరిగి రోడ్డు మెత్తబడిందని బరువు బళ్లు ఆపేశారుగా."

మార్లిస్ చచ్చిన గడ్డంతా ఇనప పళ్లున్న కర్రతో గీకి బయటపడేసింది. రోజూ గుప్పెడు మట్టి పిడికిట్లో బిగించి, వేలితో పొడిచి చూసేది. ముద్దగా ఉంటే తిట్టుకుంటూ లోపలికి పోయేది. ఒకరోజు మట్టి పొడిపొడిగా రాలింది. అదే పూట విత్తనాల సంచీ విప్పింది.

"ఇది రై గడ్డి కదా," అన్నాడు వెండెల్. "మన పచ్చికంతా బ్లూగ్రాస్. అతుకేసినట్టు కనబడుతుంది."

"బ్లూగ్రాస్ తీరిగ్గా మొలుస్తుంది. అంత తీరిక నాకు లేదు. ముందు మొలవనీ, అతుకు సంగతి తర్వాత చూద్దాం."

చల్లి, మట్టి కప్పి, చుట్టూ మేకులు కొట్టి తాడు కట్టింది. పిట్టల్ని తోలింది. విత్తనం కొట్టుకుపోకుండా సన్నగా నీళ్లు జల్లింది. అంతలో మళ్లీ మంచు కురిసింది.

"నీ పంట మంచుపాలైందే," అన్నాడు ఆర్విడ్.

"మంచంటే నీళ్లే ఆర్విడ్. ఇవాళ గొట్టం పట్టే పని తప్పింది."

మంచు కరిగాక ఒక ఉదయం నేలమీద బోర్లా పడుకుని చూస్తే సూదుల్లాంటి మొలకలు కనబడ్డాయి. ఆమె ఏడ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడవలేదనే అంటుంది.

విందు రోజుకి గడ్డి పలచగానే అయినా నిండుగా పరుచుకుంది. జనం పందిమాంసపు హామ్ పెట్టిన బన్నులు, అక్రోటు పొడి చుట్టిన పొటీట్సా రొట్టె ముక్కలు పళ్లాల్లో పెట్టుకుని తాడు అవతల గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఎవరి కాలైనా తాడు దాటబోతే ఆ పాత చూపు పడుతోంది. బ్రిట్టా జట్టు పిల్లలు కూడా ఒక వారగా ఒదిగారు.

బ్రిట్టా గరాజు గుమ్మంలోంచి కదల్లేదు. పాత పచ్చిక ముదురు రంగులో ఉంది. దాని నడుమ కొత్త గడ్డి లేతగా, మెరుస్తూ, మూలలతో సహా రింకు ఆకారంలో నిలిచింది.

"చూశావా అమ్మమ్మా. నేను ఎంతమేర చంపానో గీత గీసినట్టు తెలుస్తోంది."

మార్లిస్‌కి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఇంత పాటుపడి, పిల్ల తన తప్పనుకుంటున్నదాన్నే పదిమందికీ చూపించినట్టయింది. పైగా దానికి కంచె కూడా కట్టింది.

"నువ్వు చంపలేదు," అంది. "తియ్యనివ్వనిది నేను. నువ్వు రోజూ వచ్చి అక్కడ నిలబడుతున్నావు కదా, అది చాలనుకున్నాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అలాగే ఉంచుతాను. పచ్చిక ఇంకోసారి పెంచుకుంటాను."

వంగి ఒక్కో మేకూ పీకింది. తాడు చుట్టి ఆర్విడ్ చేతిలో పెట్టింది.

"తొక్కేస్తారేమో," అన్నాడు వెండెల్.

"తొక్కితే లేస్తుంది. మూసిపెడితేనే లేవదు. చెప్పులు విప్పి రండి అందరూ."

పిల్లలు చెప్పులు విడిచి గడ్డిమీదికి వచ్చారు. బ్రిట్టా అందరికంటే వెనక దిగి, నెమ్మదిగా నడిచి, గోలు ఉండే చోట ఆగింది. వెండెల్ బల్లమీంచి ఒక బన్ను తీసి, చెప్పాపెట్టకుండా విసిరాడు. బ్రిట్టా ఎడమ చెయ్యి దానంతటదే లేచి దాన్ని పట్టుకుంది.

కాసేపు ఆ బన్ను వంక చూసింది. తర్వాత మోకాళ్లు వంచి, కాళ్లు దగ్గర చేసి నిలబడింది.

"ఇంకోటి వెయ్యి తాతయ్యా," అంది.