నా బొటనవేలు నాకు దక్కింది

ఆ సాయంత్రం నా కుడికాలికి చలి వేయడం ఆగిపోయింది. నేను సంతోషించాను. అంతకుముందు దాకా వేళ్ళు సూదులతో పొడిచినట్టు సలిపాయి. ఉన్నట్టుండి అదంతా పోయి కాలు తేలిగ్గా, హాయిగా అయిపోయింది. అలవాటు పడ్డానులే అనుకున్నాను. జబ్బు మొదలైన రోజు ఇంత హాయిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

నా పేరు కరుణ. గుడివాడలో ఉంటాం. పామర్రు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, పిల్లల భాషలో పీఈటీ మేడంని. ఆడపిల్లలకి కబడ్డీ, ఖోఖో నేర్పుతాను. మా వైపు చలి అంటే జనవరి తెల్లవారుజామున మఫ్లర్ చుట్టుకుని టీ తాగడమే. అలాంటి నేను నార్వేకి, అందులోనూ దాని ఉత్తరపు కొసకి, మంచు అడవిలో ఎలా బతకాలో నేర్పే యాత్రకి వెళ్ళాను. మా స్కూల్లో లెక్కలు చెప్పే విజయక్క కూడా వచ్చింది. ఇద్దరం అంతకుముందు హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేసి ఉన్నాం. ఆ ధైర్యమే మమ్మల్ని అంత దూరం తీసుకెళ్ళింది.

మా అత్తయ్య మాత్రం సూట్‌కేసు మూత వేసేదాకా సాధిస్తూనే ఉన్నారు. "మంచులో బతకడం నేర్చుకోడానికి ఎదురు డబ్బులిచ్చి ఎల్తారా ఎవరన్నా? ఇక్కడ ఎండలో బతకడమే చేతకావట్లేదు మనకి."

మొదటి మూడు రోజులూ మాత్రం ఎంత చెప్పినా తనివి తీరదు. మా గైడ్ పేరు మార్గిత్. అరవై దాటిన మనిషి, నడకలో మా ఇద్దరినీ వెనకేసేది. చెట్టు బెరడుతో నిప్పు రాజేయడం, మంచుని తొలిచి గూడు చేసుకుని అందులో పడుకోవడం, కుక్కల్ని బండికి కట్టడం, అన్నీ నేర్పింది. గడ్డకట్టిన చెరువుకి కన్నం పెట్టి చేపని పైకి లాగింది. విజయక్కది బందరు దగ్గర సముద్రం మీద బతికిన కుటుంబం. ఆ చేపని తిరగేసి, మొప్ప ఎత్తి చూసి, "పులుసుకి బ్రహ్మాండంగా ఉంటది, చింతపండే లేదు," అని నిట్టూర్చింది. మార్గిత్ మాకు రోజుకి పదిసార్లు చెప్పిన మాట ఒక్కటే, కాళ్ళు పొడిగా ఉంచుకోండి అని.

నాలుగో రోజు పొద్దంతా మంచులో నడిచి మేము దిగిన కర్ర ఇంటికి తిరిగొచ్చాం. బూట్లు విప్పగానే నా ఒళ్ళు దాని అలవాటు ప్రకారం అది నడిచింది. బయటినుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడప దాటితే మా అమ్మ ఊరుకునేది కాదు, పెళ్ళయ్యాక మా అత్తయ్య అంతకన్నా ఊరుకోలేదు. పొయ్యి మీద కెటిల్లో వేడి నీళ్ళున్నాయి. వసారాలో నిలబడి రెండు కాళ్ళ మీదా పోసుకున్నాను. పైపైన తుడుచుకుని పల్చటి సాక్సు తొడిగాను. ఈలోగా బయటినుంచి విజయక్క అరిచింది. "కరుణా, రావే, ఆకాశం చూడు!"

గుమ్మం దగ్గరున్న రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చి పరిగెత్తాను. నారుమడి మీద గాలి ఆడినట్టు ఆకాశమంతా పచ్చగా ఊగుతోంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. కుడి బూటులోకి మంచు పోయింది. దులుపుకోవాలని కూడా తోచలేదు. గంట పైనే ఉండుంటాం. అప్పుడే కాలికి చలి ఆగింది.

లోపలికొచ్చి సాక్సు విప్పితే అయిదు వేళ్ళూ కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. గోటితో నొక్కాను. చెక్కని నొక్కినట్టుంది. విజయక్క గాభరాగా నొప్పుల బామ్ తీసి రుద్దబోయింది. నేను కాలు పొయ్యి వైపు చాపాను. మార్గిత్ ఇల్లు అదిరేలా అరిచింది. "రుద్దొద్దు! మంట దగ్గర పెట్టొద్దు!"

పొయ్యి మీద గిన్నెతో నీళ్ళు పెట్టి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. స్వెట్టర్లన్నీ పైకి లాగి, ఉత్త పొట్ట చూపించి, "నీళ్ళు గోరువెచ్చన అయ్యేదాకా కాలు ఇక్కడ పెట్టు," అంది.

నేను కాలు వెనక్కి లాక్కున్నాను. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం మనం. మాది చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా ఈ విషయంలో తేడా ఏమీ లేదు. మా అమ్మ ఈడు మనిషి పొట్ట మీద పాదం పెట్టడమా? "అయ్యో, పెద్దావిడే, ఎట్టా పెడతావే!" అని విజయక్క కూడా నోరు నొక్కుకుంది. మార్గిత్ మళ్ళీ అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇక అడగలేదు. నా చీలమండ పట్టుకుని లాగి, పాదాన్ని పొట్టకి అదుముకుంది. ఆ చలికి ఆవిడ ఒళ్ళంతా జలదరించింది కానీ కాలు వదల్లేదు.

తర్వాత గోరువెచ్చని నీళ్ళలో పెట్టారు. కాలికి ప్రాణం తిరిగొస్తుంటే ఆ నొప్పి ఏంటో నాకు తెలిసొచ్చింది. పచ్చిమిరపకాయలు నూరి పూసి, పైన రోకలితో దంచినట్టుంది. రెండు కాన్పులైన దాన్ని, అయినా గుక్కపెట్టి ఏడ్చాను.

పొద్దునకి వేళ్ళ మీద ఊదారంగు బ్లిస్టర్స్ లేచాయి. దుప్పట్లలో చుట్టి, మంచు బండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణుంచి కారులో హాస్పిటల్‌కి చేర్చారు. అక్కడి డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. "డీప్ ఫ్రాస్ట్‌బైట్. బ్లిస్టర్స్‌లో రక్తం ఉందంటే లోపలిదాకా పోయిందని," అన్నాడు. రక్తనాళాలు తెరుచుకోవడానికి డ్రిప్ పెట్టారు.

నేను అడిగింది ఒక్కటే. "బొటనవేలు ఉంటుందా?" చిటికెనవేలు లేకపోయినా పరిగెత్తొచ్చు. నేలని వెనక్కి తన్నేది బొటనవేలే. అది పోతే నేను కుర్చీలో కూర్చుని విజిల్ వేసే మేడంని అవుతాను. ఆ బతుకు నాకు వద్దు.

"ఈరోజు ఎవరూ చెప్పలేరు. వెయిట్ చెయ్యాలి, నెలలు పట్టొచ్చు," అన్నాడు.

వీల్‌చెయిర్‌లో ఇంటికొచ్చాను. వచ్చేసరికి వేళ్ళన్నీ బొగ్గులా నల్లబడ్డాయి. గుడివాడలో మేము చూపించుకున్న సర్జన్ గారు కట్టు విప్పి, మా ఆయన వైపు తిరిగి చెప్పారు. "గ్యాంగ్రీన్ అండీ ఇది. పాదం ముందు భాగం తీసేద్దాం. ఆలస్యం చేస్తే పైకి పాకుద్ది." మా ఆయన కైకలూరు వైపు చేపల చెరువులు చూసుకుంటారు, ఎంత నష్టం వచ్చినా చలించని మనిషి. ఆయన ముఖం పాలిపోయింది. సంతకం పెట్టడానికి సిద్ధపడిపోయారు కూడా. వాళ్ళ నాన్నకి షుగర్ వల్ల పుండు పడి, ఆలస్యం చేసి, చివరికి మోకాలి పైదాకా తీసేశారు. మా ఇంట్లో ఆలస్యం అనే మాట వింటే వణుకు.

నేను కోపిష్టిదాన్ని. ఆ రోజు ఆ కోపమే పనికొచ్చింది. "నాకు షుగర్ లేదు సార్. నా వేళ్ళు గడ్డకట్టినయ్. గడ్డకట్టిన వేళ్ళు చూసిన డాక్టర్ గారెవరైనా ఉంటే చెప్పండి, అక్కడికెళ్తాను," అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. విజయవాడలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారనీ, ఆవిడ ఒకప్పుడు సైన్యంలో కొండల మీద పనిచేశారనీ చెప్పి, తనే ఫోన్ చేశారు.

ఆవిడ నా కాలు చూసి నవ్వేశారు. "విజయవాడలో ఫ్రాస్ట్‌బైటా! ఎన్నాళ్ళకి చూశానమ్మా." ఎంఆర్ఐ తీయించారు. "ఇది డ్రై. ఇన్‌ఫెక్షన్ లేదు. ఏది బతికిందో ఏది చచ్చిందో శరీరమే గీత గీసి చూపిస్తది, డిమార్కేషన్ లైన్ అంటాం. జనవరిలో గడ్డకట్టిన వేలికి జూలైలో కత్తి పెట్టమనేవాళ్ళు సైన్యంలో మమ్మల్ని."

"బొటనవేలండీ?"

"ఫిఫ్టీ ఫిఫ్టీ. పొడిగా ఉంచండి. తడిసి చీము పట్టిందంటే మాత్రం నేను వెయిట్ చెయ్యను."

కృష్ణా డెల్టాలో ఎండాకాలం కాలు పొడిగా ఉంచుకోమనడం చేపని గట్టు మీద పెంచమన్నట్టే. రోజూ కట్టు మార్చాలి. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు. మా ఆయన నల్లటి వేళ్ళు చూడగానే కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. నేనే చేసుకుందామని మంచం మీద వంగి అవస్థపడుతుంటే అత్తయ్య వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"కాలు ఇటియ్యి."

"వద్దత్తయ్యా, నేను చేసుకుంటాను."

"వంగితే కింద కనపడుద్దా నీకు? ఇయ్యి."

పెళ్ళయిన నాటినుంచి ఆవిడ ముందు నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నది లేదు. ఇప్పుడు ఆవిడ ఒళ్ళో కాలు! నేను కదల్లేదు. అత్తయ్య తలెత్తకుండానే అన్నారు. "మీ మావయ్య పుండుందని నాకు చెప్పలేదు. పెళ్ళాం చేత కాళ్ళు పట్టించుకోడం నామోషీ అనుకున్నాడు మనిషి. సాక్సులో దాచాడు. నేను కాలు లేకుండా చూశాను ఆయన్ని. నిన్నూ అట్టా చూడమంటావా?"

కాలు ఇచ్చేశాను. ఆవిడ తువ్వాలు పరిచి పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మా ఇద్దరి మధ్యా ఎన్నేళ్ళ పంతాలున్నాయో మాకే తెలుసు. వాటిలో ఒక్కటి కూడా ఆ రోజు గుర్తుకు రాలేదు.

అప్పటినుంచి అదే మా ఉదయపు ఆరాధన. వేలుకీ వేలుకీ మధ్య పొడి దూది పెట్టేవారు. ఫ్యాను కాలి వైపు తిప్పేవారు. కరెంటు పోతే విసనకర్ర పట్టుకునేవారు. "నీ నార్వేలో ఫ్యాన్లుండవు కాబోలు," అని ఎత్తిపొడిచేవారు కూడా. చేసేది చేస్తూనే అనేది అనడం ఆవిడకి మామూలే.

మే నెలలో ఎదురుదెబ్బ తగిలింది. వర్షం పడీపడని ఉక్కబోత. ఆ రోజు కట్టు విప్పగానే అత్తయ్య ముక్కు దగ్గరికి తీసుకుని ఆగిపోయారు. నాకేమీ తేడా తెలియలేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. "వాసన మారింది. లే, విజయవాడ ఎల్దాం," అన్నారు. సాయంత్రం దాకా చూద్దామంటే వినలేదు. కారులో ఉయ్యూరు దాటేసరికి నాకు ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరు గారు చిటికెనవేలి పక్కన నొక్కితే చీము వచ్చింది. ఆవిడ నవ్వలేదు ఈసారి. "యాంటీబయాటిక్స్ మొదలెడతాను. రేపటికి ఎరుపు తగ్గకపోతే థియేటర్‌కి తీసుకెళ్తాను. అప్పుడు బొటనవేలు మీకు వదిలిపెడతానని మాటివ్వలేను." పాదం మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీశారు. నేనూ మా ఆయనా ప్రార్థన చేసుకున్నాం. అత్తయ్య ప్రార్థన చేస్తూనే మధ్యమధ్యలో కళ్ళు తెరిచి ఆ గీత చూసేవారు. మర్నాడు రౌండ్స్‌కి వచ్చేసరికి ఎరుపు గీతకి లోపలికి తగ్గింది. "టైముకి తెచ్చారు. ఎవరు కనిపెట్టారు?" అన్నారు డాక్టరు గారు. అత్తయ్య పమిట సర్దుకుని, ఏమీ తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

జూన్‌లో ఒక ఉదయం, అత్తయ్య కట్టు మారుస్తుంటే బొటనవేలి అంచు దగ్గర నలుపు పైకి లేచింది. "కదలకు," అన్నారు. మెల్లగా, ఎండిన చింతకాయ పెచ్చులా, ఆ నల్లటి డిప్ప తనంతట తనే ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. కింద లేత గులాబీ రంగు చర్మం. పసిపిల్ల వేలులా ఉంది. అత్తయ్య వేలితో తాకారు. "తెలుస్తందా?"

"చక్కిలిగింత పెడుతోందత్తయ్యా!"

ఆవిడ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు ఏదో అయిందని పరిగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళందరికీ నా వేలు చూపించారు. మార్గిత్‌కి వీడియో కాల్ చేయమని నా వెంటపడి, ఫోను నా పాదం మీద పెట్టి, "చూడమ్మా, బతికింది!" అని తెలుగులోనే చెప్పారు. అవతల మార్గిత్ చప్పట్లు కొట్టింది. ఇద్దరూ చెరో భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు మాత్రం సందు దొరకలేదు.

జూలైలో చిటికెనవేలు, దాని పక్క వేలు తీసేశారు. బాధపడలేదంటే అబద్ధం. కానీ పాదం ముందు భాగమంతా పోవాల్సిన దగ్గర రెండు వేళ్ళతో సరిపోయింది. ఫిజియోథెరపీలో మొదట ఒంటికాలి మీద నిలబడలేక గోడ పట్టుకున్నాను. బూటులో ప్రత్యేకంగా చేయించిన ఇన్‌సోల్ వేసుకుంటాను. ఏసీ గదిలో కూర్చుంటే ఇప్పటికీ ఆ కాలు జివ్వున లాగుతుంది. మళ్ళీ ఉత్తరానికి వెళ్తావా అని అందరూ అడుగుతారు. వెళ్తాను. ఈసారి అత్తయ్య నా సూట్‌కేసులో ఆరు తువ్వాళ్ళు పెడతానంటున్నారు.

మీకు ఒక్కటే చెప్తాను. మన దగ్గర మంచు పడదు. షుగర్ మాత్రం ఇంటికొకరికి ఉంది. షుగర్ ఉన్న కాలికి కూడా దెబ్బ తగిలిన సంగతి తెలియదు. రోజూ స్నానం అయ్యాక అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూసుకోండి. వంగలేకపోతే ఇంట్లో ఎవరినైనా చూడమనండి. వాళ్ళు మీకంటే పెద్దవాళ్ళైనా సరే, ఒళ్ళో పెట్టమంటే పెట్టేయండి. పాపం అంటదు.

ఇది బందరు నుంచి రాస్తున్నాను. జిల్లా సెలక్షన్స్ కోసం పిల్లల్ని తీసుకొచ్చాను. ఈ ఉదయం మంగినపూడి బీచ్‌లో ఇసుక మీద పరుగు పెట్టించాను. బూట్లు విప్పి వాళ్ళతో పాటు నేనూ పరిగెత్తాను. మొదట్లో ఒకసారి పక్కకి తూలాను, తర్వాత తూలలేదు. చివర తిరిగి చూస్తే తడి ఇసుకలో నా అడుగులు వరసగా ఉన్నాయి. కుడికాలివి మూడేసి వేళ్ళ అచ్చులు. వాటిలో బొటనవేలి గుంట అన్నిటికంటే లోతుగా పడింది. సంతోషం పట్టలేక విజిల్ గట్టిగా ఊదాను. పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఏంటి మేడం, ఫౌలా?" అంది మా కెప్టెన్ పిల్ల.

"కాదే. ఇంకో రౌండ్," అన్నాను.