దర్జీ చాచా కుట్టిన వైరస్

కరోనా టీకాలు మా వీధికి వచ్చినప్పుడు జనం సూది పేరెత్తితే తలుపులేసుకునేవాళ్లు. నేను వడమాలపేటలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను కాబట్టి, రేణిగుంటలో మా వీధి నర్సమ్మ నన్నే పట్టుకుంది. "టీచరమ్మా, మీరు చెప్తే వింటారు" అంది. విననివాళ్లలో మొదటివాడు మా నాయనే అని ఆమెకు తెలియదు. నాకు సూదంటే చచ్చేంత భయమని అసలే తెలియదు.

ఉత్త మాటలకంటే వైరస్ బొమ్మ ఉంటే బాగుంటుందని పక్కింటి దర్జీ చాచా దగ్గరికి పోయాను. పెళ్లిళ్లు లేక ఆయన మిషను ఊరికే ఉంది. పాత గుడ్డలు కుక్కి బంతి కుట్టి, చుట్టూ ఎర్ర మఖ్మల్ కొమ్ములు పెట్టాడు. ఒక్కో కొమ్ము కొనకు జరీ కూడా వేశాడు.

"వైరస్‌కు జరీ ఎందుకు చాచా?"

"నలుగురి ముందరికి పొయ్యేది గదా బేటీ, అందంగా ఉండాల. ఇంతకీ ఈ కొమ్ములెందుకు దానికి?"

మన కణాల మీద ఒక రకం బుడిపెలు ఉంటాయనీ, వైరస్ కొమ్ము వాటిని పట్టుకుంటేనే లోపలికి దూరగలదనీ చెప్పాను. ఆ కొమ్మే స్పైక్ ప్రోటీన్. మా వీధికి వచ్చిన రకం టీకా మన ఒంటికి ఆ కొమ్మును మాత్రమే చూపిస్తుంది, వైరస్‌ను కాదు. ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, ఆ కొమ్ముకే అతుక్కునే కాపలా పదార్థాలను తయారుచేస్తుంది.

చాచా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "అంటే హుక్కుకు ముందే గుడ్డ సుట్టేసినట్టు! ఇంక కాజాలో యాడ పడతాది?" అని పకపకా నవ్వాడు. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, అంత చక్కగా నాకెప్పుడూ తోచలేదు.

టీకా శిబిరం రోజు నేను గొంతు సవరించుకునేలోపే చాచా బొమ్మ ఎత్తి పట్టుకుని మొదలుపెట్టేశాడు. చుట్టూ జనం మూగారు. వెనక నుంచి మా నాయన అందుకున్నాడు.

"అది సరేప్పా, ఆ కొమ్ము రూపు మార్సుకుంటే?"

అది నిజంగా గట్టి ప్రశ్న. చాచా తడుముకోలేదు.

"ఒళ్లు రవ్వంత మారితే పాత సొక్కా పడేస్తామా అబ్బా? బిగుతుగానైనా పడతాది గదా! శానా మారితే కొత్తది కుట్టిచ్చుకుందాం."

జనం గొల్లుమన్నారు. నాయన మీసం కింద నవ్వు దాచుకుని, "సరే, ఏమ్మా నర్సమ్మా, యాడ కూర్సోవాల?" అన్నాడు. ఆయన వెనకే వరస కట్టేశారు.

నా వంతు వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. భుజానికి చల్లగా ఏదో తగలగానే వీధంతా వినబడేలా కేక పెట్టాను.

"ఇంకా స్పిరిట్టే పూసినాను టీచరమ్మా!" అంది నర్సమ్మ.

చాచా నవ్వలేక గోడ పట్టుకుని కూలబడ్డాడు. నాయనకు కళ్లలో నీళ్లొచ్చాయి. నేనూ నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వులోనే సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ జ్వరం. ఒళ్లు పాఠం నేర్చుకుంటోందని నేను సంబరపడితే, అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

రెండో సూది కూడా అయిన కొన్నాళ్లకు నాయనకు కరోనా సోకనే సోకింది. టీకా వేసుకున్నా కొందరికి సోకుతుందని, ముదరడం మాత్రం తగ్గుతుందని నాకు తెలుసు. అయినా ఆయన దగ్గిన ప్రతిసారీ ఆయన గది తలుపు దగ్గరికి పరుగెత్తాను. మూడు రోజుల జ్వరం, గొంతు నొప్పి, అంతే. నాలుగో రోజు పులికాట్ రొయ్యలు కావాలన్నాడు. అమ్మ వండి గుమ్మం దగ్గర పెట్టింది. కరోనా సోకితే చాలామందికి నాలుకకు రుచే తెలియదని విన్నాం కాబట్టి, మేమిద్దరం తలుపుకు చెవి ఒగ్గి నిలబడ్డాం.

"ఉప్పు తగ్గింది" అన్నాడు లోపలినుంచి.

మామూలు రోజైతే ఆ మాటకు పెద్ద రగడే జరిగేది. "రుచి తెలస్తా ఉండాదే!" అని అమ్మ నన్ను కావిలించుకుని గిర్రున తిప్పేసింది.