అక్క తేల్చిన బహుమతులు

ఇంగ్లీషు పాప్ పాటల అవార్డులు ప్రకటించినప్పుడల్లా, ఎవరికి న్యాయం జరిగింది, ఎవరికి జరగలేదు అని మా కోయంబత్తూరు తమిళ పత్రికలో నా పేరుతో వ్యాసం వస్తుంది. పాతికేళ్లుగా వస్తోంది. అందులో ఒక్క అభిప్రాయమూ నాది కాదు, అన్నీ మా అక్కవి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది ఫలితాలు ఫోనులో చూసిన పొద్దున, పత్రికవాళ్లు ఎప్పటిలాగే వ్యాసం అడిగాక, ఇక దాచలేకపోయాను.

అక్కకు ఇంగ్లీషు రాదు. ఉడుమలైపేట పక్కన అత్తగారింట్లో మరమగ్గాల మధ్యే ఆమె బతుకు. పోటీలో ఉన్న పాటలను గాంధీపురం కొట్లో క్యాసెట్టులోకి ఎక్కించుకుని వెళ్లేవాణ్ణి. మగ్గాలు ఆపే భోజనాల వేళ, మోకాలి మీద గడ్డం ఆనించి వినేది. బహుమతి గెలిచిన పాటకు మూతి తిప్పేది. "వీనికి యేలరా పరిసు ఇచ్చినారు? వాద్యం జాస్తి, పాట కమ్మి." ఓడిన పిల్ల పాటను మళ్లీ పెట్టించుకునేది. "ఊపిరి తీసేది వినిపిస్తా ఉండాది చూడు. అదిదా పాట." "నీకు మాటలే తెలియవు గదక్కా" అంటే, "పోరా, ఏడ్చే బిడ్డకు మాటలొస్తాయా?" అనేది. అదే తమిళంలో పెట్టి పంపితే, జనం నా చెవిని మెచ్చుకునేవారు.

మొదటి వ్యాసం చూసి, "నా పేరు యాడరా?" అని అడిగింది. "మీ మామ ఒప్పుకోడక్కా" అన్నాను. ఆయన్ని నేను అడగనే లేదు. మా ఇళ్లలో కోడలు ఇలాంటి మాట మామ ముందుకు తీసుకుపోదు. అది తెలిసే అన్నాను.

మగ్గాల హోరు ఆమె ఒక చెవిని తినేసింది. రెండోదీ పోతుందన్నాడు డాక్టరు. ఈసారి ఫోనులో పాట వినిపిస్తే, "మగ్గం ఆడినట్టే ఉండాదిరా తమ్ముడూ. నువ్వే రాసుకో" అంది. రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. బస్సెక్కాను.

అక్క పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. వినపడలేదు. గొంతు పెంచాను. మేనల్లుడు మగ్గం ఆపి చూశాడు, వాడి భార్య గుమ్మంలోకి వచ్చింది. "మీ మామ ఏమీ అనలేదక్కా! నేనే అబద్ధం చెప్పినాను!"

అక్క మంచి చెవిని నా వైపు తిప్పింది. "ఇంకోతూరి చెప్పు."

పాతికేళ్ల కింద గుసగుసగా చెప్పినా సరిపోయే మాటను ఇల్లంతా వినేలా మళ్లీ చెప్పాను. నేను రాసినవన్నీ నీ మాటలే అక్కా, నన్ను మన్నించు.